ఆ రోజు తొమ్మిదో గది

వెల్డా ష్రాక్‌ను ఆ ఎడారి శిబిరంలో చాలామంది బూట్లనుబట్టి గుర్తుపట్టేవారు. మనిషి ఎప్పుడు చూసినా ఏదో ఒక బండి కింద వెల్లకిలా పడుకుని ఉండేది. మోకాళ్ళదాకా లోపల, బూట్లు మాత్రం బయట.

అరిజోనాలో కొలరాడో నదికి ఇరవై మైళ్ళ ఇవతల ఉంది ఆ శిబిరం. నవంబరు వచ్చిందంటే ఉత్తరాన మంచుపడే ఊళ్ళనుంచి ముసలివాళ్ళు కొంపలకు తాళాలేసి, కారు వెనక చక్రాల బండి ఇళ్ళు లాక్కుంటూ దిగిపోతారు. బండి ఆపాక మీట నొక్కితే పక్కగోడ ఒక చిన్న గదిలా బయటికి జరుగుతుంది. భోజనాల బల్లో, సోఫానో అందులో ఉంటుంది. బయల్దేరేముందు మళ్ళీ నొక్కి లోపలికి లాక్కుంటారు. స్లైడ్ అంటారు దాన్ని. అది బయటికి రానని మొరాయించినా, వచ్చింది లోపలికి పోనన్నా వెల్డాకే కబురు వెళ్ళేది.

ఆమె కిందికి దూరగానే బండివాళ్ళు ఒక మడత కుర్చీ తెచ్చుకుని బూట్ల పక్కన కూర్చునేవారు. మొదట వాతావరణం గురించి మొదలుపెట్టేవారు. పావుగంటలో మాట సొంత సంగతుల్లోకి దిగేది. మాట్లాడని కొడుకు గురించి ఒకరు, పెళ్ళానికి చూపించకుండా దాచిన డాక్టరు కాగితం గురించి ఇంకొకరు. ముఖం కనిపించని మనిషి దగ్గర మొహమాటం ఎందుకుంటుంది? కిందనుంచి వెల్డా "ఊఁ" అనేది. మరమ్మతు అయిపోయి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి నిలబడితే మాత్రం వాళ్ళు తడబడి, థాంక్సు చెప్పి, తలుపేసుకునేవారు. శిబిరంలో సగంమంది కడుపులో ఉన్నది ఆమెకు తెలుసు. ఆమె గురించి ఒక్కరికీ తెలీదు. అడిగినవాళ్ళూ లేరు.

ఆమె ఉండే బండి శిబిరం చివర, ఎండిన వాగు ఒడ్డున ఉండేది. చిన్నది, పాతది, స్లైడ్ లేనిది. ఎందుకు లేదని శిబిరం చూసుకునే లైల్ ఒకసారి అడిగితే, "పగలంతా అవే చూసి ఇంటికొచ్చి కూడా వాటినే చూడమంటావా?" అంది. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్చీ. సాయంత్రం ఆ కుర్చీని గుమ్మంలో వేసుకుని, డబ్బాలోని చిక్కుడు గింజలు వెచ్చబెట్టుకుని, రేడియోలో పశువుల ధరలు వింటూ తినేది. ఆమెకు పశువులు లేవు. మనిషి గొంతు వినిపిస్తే చాలు.

ఇండియానా ఉత్తర భాగంలో, మెనొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన రైతుల ఇంట పుట్టింది వెల్డా. పంతొమ్మిదో ఏట బండి ఇళ్ళు కట్టే ఫ్యాక్టరీలో చేరింది. అక్కడ ఇరవై తొమ్మిదేళ్ళు ఒకటే పని: స్లైడ్ గదికి నేల బిగించడం. తెల్లారకముందే మొదలుపెట్టి, ఆ రోజు కోటా అయిపోతే మధ్యాహ్నానికే ఇంటికి పోవచ్చు. అందుకని అక్కడ నడిచేవాళ్ళు ఉండరు, అందరూ పరిగెత్తేవాళ్ళే. మధ్యలో మెర్విన్ అనే వడ్రంగిని పెళ్ళాడింది. పిల్లలు కలగలేదు. పదకొండేళ్ళు కాపురం చేశాక అతను అరవకుండా, పోట్లాడకుండా, ఒక ఆదివారం చర్చి అయిపోయాక వేరే కారెక్కి వెళ్ళిపోయాడు. తరవాత 2008లో దేశమంతా బ్యాంకులు చేతులెత్తేసినప్పుడు ఫ్యాక్టరీ మూతపడింది. బండి ఇళ్ళు కట్టడం తెలిసిన చేతులు బాగుచేయడానికి కూడా పనికొస్తాయని పడమటికి వచ్చేసింది. వచ్చి పదమూడు చలికాలాలయింది. ఇప్పుడు ఆమెకు అరవై ఒకటి.

ఆ జనవరిలో ఒక మంగళవారం పొద్దున్నే లైల్ ఆమె బండి దగ్గరికి వచ్చాడు.

"వెల్డా, నలభై రెండో నంబరులో ఆర్డిస్ ఫోస్ ఉంది చూడు, నార్త్ డకోటా ఆవిడ. స్లైడ్ సగంలో ఇరుక్కుపోయిందట. రెండు రోజులనుంచి బల్ల మీంచి ఎక్కి దిగుతోంది. డెబ్భై తొమ్మిదేళ్ళు. కాలు విరగ్గొట్టుకుంటే ఆంబులెన్సుకి నేనే ఫోన్ చెయ్యాలి, నా తల్లీ. త్వరగా వెళ్ళు."

"కాఫీ తాగి వెళ్తాను."

"ఆవిడ దగ్గర తాగు. వచ్చినవాళ్ళకి ఏదో ఒకటి పెట్టకపోతే ఆవిడకి తోచదు."

ఆర్డిస్ సన్నగా, నిటారుగా ఉండే మనిషి. రెండేళ్ళ క్రితం భర్త ఓర్విన్ పోయాడు. బండి ఏడాది పొడుగునా ఆ శిబిరంలోనే ఉంటుంది, చలికాలానికి ఆమె ఒక్కతే కారు నడుపుకుంటూ వస్తుంది. వెల్డా లోపలికి వెళ్ళి చూసింది. గది సగం బయటికి వచ్చి, ఒక మూల కిందికి వాలి ఆగిపోయింది. వెనక మూల నేలమీద కాలు పెట్టి నొక్కితే మెత్తగా, తడిసిన రొట్టెలా దిగింది.

"నేల కుళ్ళిందండీ. గది బరువంతా ఆ మూల కుంగి, కింద పళ్ళచక్రం పట్టేసింది. నేల మార్చాలి. నాలుగైదు రోజులు పడుతుంది."

"నాకు తెలుసు అమ్మాయ్, నేల సంగతి. పదిహేనేళ్ళనాటి జబ్బు అది."

"అరవై దాటినదాన్ని అమ్మాయ్ అంటారేంటండీ?"

"నాకన్నా చిన్నదానివేగా? అయితే అమ్మాయివే. కాఫీలో పాలు పోయనా?"

మధ్యాహ్నం వెల్డా తన డబ్బా తీసుకుని ట్రక్కు వెనక కూర్చోబోతుంటే ఆర్డిస్ గుమ్మంలోంచి కేకేసింది. "అక్కడెక్కడో కుక్కలా కూర్చుని తింటావేం? లోపలికి రా." బంగాళాదుంపలు, మాంసం కలిపి కాల్చిన పళ్ళెం, పక్కన ఆమె తన ఊరినుంచి తెచ్చిన రూబార్బు కాడల జామ్. బల్ల ఇరుక్కుపోయి ఉంది కనక ఇద్దరూ మంచం అంచున కూర్చుని పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. తిన్నాక ఆర్డిస్ ఒక పేకముక్కల కట్ట తీసింది.

"ఆడతావా?"

"పని ఉందండీ."

"పదిహేనేళ్ళు ఆగిన నేల ఇంకో పావుగంట ఆగదా? ఓర్విన్ పోయాక ఈ ముక్కలు పంచినవాళ్ళు లేరు."

వెల్డా ఆడింది. ఓడింది కూడా. అవతలి మనిషి ముఖం చూస్తూ అంతసేపు కూర్చుని ఎన్నేళ్ళయిందో ఆమెకు లెక్క అందలేదు. ఆ సాయంత్రం రేడియో పెట్టడం మర్చిపోయింది.

రెండోరోజు బల్ల విప్పి, సోఫా విప్పి బయట పందిరి గుడ్డ కింద పెట్టింది. గదికి కింద ఆసరాలు కట్టింది. కిందికి దూరి పళ్ళచక్రం విడదీస్తుంటే ఆర్డిస్ కుర్చీ తెచ్చుకుని బూట్ల పక్కన కూర్చుంది.

"ఈ నేల పాడవడానికి కారణం మా ఆయనే. ఏ పనీ కుదురుగా చేసే రకం కాదు. గది బయటికి జరిపేటప్పుడు చివరిదాకా నొక్కేవాడు కాదు, చుట్టూ రబ్బరు పట్టీ సరిగ్గా కూర్చునేది కాదు. అన్నేళ్ళు చెప్పాను. వానపడ్డప్పుడల్లా ఆ మూల తడే."

"ఊఁ."

"కొత్తది కొన్నాం దీన్ని. ధాన్యం గిడ్డంగిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసి రిటైరయ్యాడు. నేనెప్పుడూ సముద్రం చూడలేదని, చూపిస్తానని కొన్నాడు. రెండో ఏడు బయల్దేరాం. ఆరెగాన్‌లో మూడు రోజులు ఒకటే వాన. పొద్దున్న లేచి మేజోళ్ళతో కాలు పెడితే తివాచీ అంతా నీళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. 'నీ చేతిలో ఏది పెట్టినా ఇంతే' అన్నాను. బండి వెనక్కి తిప్పమన్నాను. సముద్రం ఇంకా అరవై మైళ్ళే."

"తిప్పారా?"

"తిప్పాడు. 'నిజమే ఆర్డీ, నాదే తప్పు' అన్నాడు. ఆయనకి తెలిసిన మాట అదొక్కటే. ఇంటిదాకా నాలుగు రోజులు నేను మాట్లాడలేదు. మళ్ళీ సముద్రం ఊసు ఇద్దరం ఎత్తలేదు." కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుంది. "తరవాత వాన వస్తే చాలు, తువ్వాలు పట్టుకుని ఆ మూల మోకాళ్ళమీద కూర్చునేవాడు. చేతులు వణికే రోజుల్లో కూడా. నేను చూసి కూడా లేవమనేదాన్ని కాదు. బుద్ధి రావాలని."

మూడోరోజు, గురువారం. వెల్డా గది అడుగున ఉన్న నల్ల పట్టాను కోసి కిందికి లాగింది. కుళ్ళిన చెక్క పొడి ముఖాన పడింది. కళ్ళు తుడుచుకుని లైటు పెట్టి చూసింది. మూల బయటి అంచున, నీళ్ళు దూరకుండా వాడే జిగురు, సీలెంటు, మూడు రంగుల్లో పూసి ఉంది: తెలుపు, బూడిద, మళ్ళీ తెలుపు. మూడుసార్లు వేర్వేరు ఏళ్ళలో ఎవరో ఓపిగ్గా, వేలితో నునుపుచేసి మరీ పూశారు. అది ఓర్విన్ చెయ్యి. లోపల మాత్రం, నేల గోడతో కలిసేచోట, ఏమీ లేదు. ఊడిపోయింది కాదు, పాతబడి పగిలిందీ కాదు. అక్కడ అసలు ఎన్నడూ పెట్టనేలేదు. పైనుంచి గోడ వెనకగా జారిన నీళ్ళు నేరుగా చెక్కలోకి ఇంకడానికి బారెడు దారి.

ఎవడో ఫ్యాక్టరీలో మూల వదిలేశాడు అనుకుంది. అనుకుంటూ లైటు ఇంకాస్త పక్కకి జరిపింది. కుళ్ళు చేరని అడ్డుచెక్కమీద వడ్రంగి పెన్సిలుతో రాత ఉంది. ఇంగ్లీషులో వి, ఎస్. ఎస్ వెనక్కి వాలి, పడబోతున్న మనిషిలా ఉంది. తన పేరు మొదటి అక్షరాలు ఆమె ఇప్పటికీ అలాగే రాస్తుంది. దానికింద తేదీ: 2004 అక్టోబరు 14. పక్కన 9 అంకె. అంటే ఆ రోజు చేసిన తొమ్మిదో గది.

తలమీద ఉన్న ఆ రాతను చూస్తూ అలాగే పడుకుండిపోయింది. బండిమీద ఉన్న ఫ్యాక్టరీ పేరు మొదటిరోజే చూసింది. ఆ ఫ్యాక్టరీ బండ్లు దేశంలో లక్ష ఉంటాయి. నేలలు బిగించే చోట ఆమెతోపాటు ఇంకా ఏడుగురు ఉండేవారు. తన చేతిది తనకు ఎదురవుతుందని పదమూడేళ్ళలో ఒక్కసారి కూడా అనుకోలేదు.

"ఏమ్మా, ఊఁ కొట్టడం మానేశావేం? నిద్రపోయావా?" పైనుంచి ఆర్డిస్.

"లేదండీ. కళ్ళలో పొడి పడింది."

ఆరోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చోలేదు. నదివైపు ఊళ్ళో ప్లైవుడ్ తేవాలని చెప్పి వెళ్ళిపోయింది. చెక్కల కొట్టు ముందు ట్రక్కు ఆపుకుని ఆ అక్టోబరు పద్నాలుగును గుర్తుచేసుకోవాలని చూసింది. ఏదో ఒకటి జరిగి ఉండాలి. మెర్విన్ వెళ్ళిపోయింది అంతకు ఎన్నో ఏళ్ళ ముందు. అమ్మ పోయింది ఆ అక్టోబరు తరవాత రెండేళ్ళకు. జ్వరమా? ఎవరితోనైనా గొడవా? ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. సీలెంటు గొట్టం ఖాళీ అయి ఉంటుంది. కొత్తది తేవాలంటే గోడౌను అటు చివర. వెనకాల పదో గది వచ్చి నిలబడి ఉంటుంది. పన్నెండు గదులు పూర్తిచేసి, ఒంటిగంటకు హాజరు కార్డు కొట్టి ఇంటికి పోయి, బట్టలు ఉతుక్కుని ఉంటుంది. అంతే అయి ఉంటుంది.

చెక్కను కోసి పారేస్తే సరిపోతుంది. ఎలాగూ సగం కుళ్ళింది. కొత్త నేల వేస్తే ఆర్డిస్ సంతోషిస్తుంది, మళ్ళీ ముక్కలు పంచుతుంది, మార్చిదాకా మధ్యాహ్నాలు అక్కడే గడిచిపోతాయి. ఇంకో చలికాలం, ఆపైన ఇంకోటి. అలా ఒక మనిషి ఇంట్లో తనకంటూ ఒక కుర్చీ ఉండడం ఎలా ఉంటుందో మూడు రోజుల్లోనే అలవాటైపోయింది. దాన్ని పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది? కానీ మోకాళ్ళమీద కూర్చుని, వణికే చేతుల్తో తువ్వాలు పిండుతున్న ముసలాయన కళ్ళముందునుంచి కదలడంలేదు. ఆయన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆయన పూసిన సీలెంటు మాత్రం చూసింది.

శుక్రవారం పొద్దున ఆ రాత ఉన్న ముక్కను రంపంతో కోసి, పందిరి కింద ఉన్న బల్లమీద పెట్టింది. ఆర్డిస్ బంగాళాదుంపలు చెక్కుతోంది.

"ఆర్డిస్ గారూ, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. ఏంటా కర్రముక్క?"

"మీ నేల అడుగుది. ఈ అక్షరాలు నావి."

"నీవంటే?"

"నేను రాసినవి. ఇండియానాలో ఈ గదికి నేల బిగించింది నేనే. ఈ మూల లోపల సీలెంటు పెట్టాలి. పెట్టలేదు. మీరు కొన్న రోజునుంచే నీళ్ళకి దారి ఉంది."

ఆర్డిస్ కత్తి కింద పెట్టింది. అక్షరాలను చూసింది, వెల్డాను చూసింది. మళ్ళీ అక్షరాలను చూసింది.

"మరి ఓర్విన్ సరిగ్గా బయటికి జరపకపోవడంవల్ల అని..."

"కాదండీ. ఆయన ఎలా జరిపినా తడిసేదే. బయట మూడుసార్లు పూశారాయన. నేను కూడా అంత సమంగా పూయలేను. కానీ అది బయటినుంచి చెయ్యి చేరే చోటు కాదు. గది మొత్తం విప్పితే తప్ప ఎవరికీ కనిపించదు."

"అయితే ఆయన తప్పేం లేదు."

"ఏం లేదండీ."

"ఒక్కటి కూడా?"

"ఈ నేల విషయంలో ఒక్కటి కూడా లేదు."

పక్క బండివాళ్ళ కుక్క మొరిగి ఊరుకుంది. ఆర్డిస్ చెక్కిన బంగాళాదుంపను నీళ్ళలో వేసి, ఒళ్ళో ఉన్న తొక్కలన్నీ ఒకచోటికి చేర్చింది. చాలాసేపు తీసుకుని చేర్చింది.

"నువ్వు వెళ్ళు," అంది.

"గది విప్పి ఉందండీ, ఎల్లుండి వాన అంటున్నారు..."

"వెళ్ళమన్నానా?"

వెల్డా గదికి పెద్ద టార్పాలిన్ కప్పి, తాళ్ళు బిగించి వెళ్ళిపోయింది. సాయంత్రానికి సంగతి లైల్ చెవినపడింది. అతను వాగు ఒడ్డుకు వచ్చి, గుమ్మానికి చేయి ఆనించి నిలబడ్డాడు.

"చెప్పకపోతే ఎవరికి తెలిసేది? పదమూడేళ్ళనుంచి 'ఊఁ' తప్ప ఇంకో మాట రాని మనిషివి. మాట్లాడక మాట్లాడక నోరు విప్పి చెప్పేది ఇదా?"

"ఆవిడ ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు. నా ఆఫీసుకొచ్చి ఇంకో మరమ్మతువాడి నంబరు అడిగింది. ఈ వారంలో ఎవరూ దొరకరని చెప్పాను. అబద్ధమే అనుకో. రేపు పొద్దున్నే వెళ్ళి ముగించు. మాట్లాడకు. అది నీకు బాగా వచ్చుగా."

వెల్డా తెల్లారగానే వెళ్ళింది. ఆర్డిస్ బండి తలుపు తీసిపెట్టి, తను కారులో కూర్చుని ఉంది. కిటికీ అద్దం పైకి ఎత్తేసి ఉంది. వెల్డా కొత్త ప్లైవుడ్ కోసింది. అంచులకు రంగు తాగించింది. మూల లోపల సీలెంటు ఒకసారి పెట్టి, ఆరాక మళ్ళీ పెట్టింది. మధ్యాహ్నం ట్రక్కు వెనక కూర్చుని డబ్బా తింది. ఈసారి ఎవరూ కేకేయలేదు. కారులో కూర్చున్న ఆర్డిస్ కూడా బిస్కట్లేవో తింది. ఇద్దరికీ మధ్య ఇరవై అడుగులు ఉంటుంది.

ఆ మర్నాడు మూడింటికి వాన మొదలైంది. ఎడారి వాన మూడు నెలలకోసారి వస్తుంది, వస్తే కుండపోతగా వస్తుంది. అప్పటికి నేల బిగించడం అయింది, బల్ల, సోఫా లోపలికి చేరాయి. గది సాఫీగా బయటికి జరిగింది. వెల్డా కోటు తలమీదకి లాక్కుని, వానలోనే బయటి మూల దగ్గర నిలబడి చూస్తోంది. తడిసిన క్రియొసోట్ అనే ఎడారి పొదల వాసన శిబిరమంతా కమ్మింది. కారు తలుపు తీసిన చప్పుడైంది. ఆర్డిస్ గొడుగు లేకుండానే నడిచివచ్చి బండిలోకి ఎక్కింది.

"నువ్వూ రా. అక్కడ నిలబడితే ఏం తెలుస్తుంది?"

ఇద్దరూ ఆ మూల ముందు మోకాళ్ళమీద కూర్చున్నారు. పైకప్పుమీద వాన చప్పుడుకి మాట వినపడడం కష్టంగా ఉంది. పావుగంట చూశారు. ఆర్డిస్ అరచెయ్యి నేలకు ఆనించి తీసి చూసుకుంది. పొడిగా ఉంది.

"ఆ రోజు ఏమైంది నీకు?" అని అడిగింది, చేతినే చూసుకుంటూ.

"ఏ రోజండీ?"

"ఈ మూల వదిలేసిన రోజు. ఎవరైనా పోయారా? మీ ఆయన కొట్టాడా? ఒంట్లో బాలేదా?"

వెల్డాకు ఆ క్షణాన ఏదో ఒకటి చెప్పాలనిపించింది. అమ్మ ఆసుపత్రిలో ఉందంటే సరిపోయేది. ఆర్డిస్ అలాంటిది ఒకటి వినాలని, విని క్షమించాలని ఎంత ఎదురుచూస్తోందో ముఖంలో కనిపిస్తోంది.

"ఏమీ కాలేదండీ. చాలా ఆలోచించాను. ఏమీ గుర్తులేదు. పన్నెండు గదులు చేశాం, ఇంటికెళ్ళాం."

"ఏమీ కాలేదు."

"లేదండీ."

"అరవై మైళ్ళు," అంది ఆర్డిస్. తరవాత చేతిరుమాలు లేక చొక్కా చేతితోనే ముక్కు తుడుచుకుంది. "అన్నేళ్ళు ఆయన్ని నేలమీద కూర్చోబెట్టింది నువ్వు కాదు. నీ చెయ్యి ఒక మూల మర్చిపోయింది, అంతే. లేవమనని నోరు నాది." వెల్డా ఏదో అనబోయింది. "నువ్వేం అనకు. నీమీద కోపం లేదు. కానీ నిన్ను చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. ఏం చెయ్యను చెప్పు?"

వాన తగ్గాక వెల్డా సామాను సర్దుకుంది. వెళ్తానని చెబితే ఆర్డిస్ తలూపింది.

ఫిబ్రవరి అంతా వాళ్ళు దూరంనుంచి చేతులూపుకున్నారు. పోస్టాఫీసులో ఒకసారి ఎదురుపడితే గాలి గురించి మాట్లాడుకున్నారు. వెల్డా ఎప్పటిలా బండ్ల కిందికి దూరింది, ఎప్పటిలా జనం బూట్ల పక్కన కూర్చుని చెప్పుకున్నారు. ఒక్కటే తేడా. ఆ మధ్యాహ్నాలకు ముందు ట్రక్కు వెనక ఒంటరిగా తినడం ఆమెకు కష్టమనిపించేది కాదు. ఇప్పుడు మెతుకు దిగేది కాదు. ఒక ఆదివారం ఇండియానాలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. అవతల మనవలు అరుస్తున్నారు. "ఏంటక్కా, ఒంట్లో బాగుందా? క్రిస్మస్ కూడా కాదే!" అంది చెల్లెలు కంగారుగా. బాగానే ఉందని చెప్పి, నాలుగు నిమిషాలు మాట్లాడి పెట్టేసింది.

మార్చి నెలాఖరుకు ఎండలు ముదిరి బండ్లు ఒక్కొక్కటే ఉత్తరానికి కదిలాయి. ఒకరోజు పొద్దున్న వెల్డా బండి తలుపు ఎవరో తట్టారు. పదమూడేళ్ళలో లైల్ తప్ప ఎవరూ ఆ తలుపు తట్టలేదు. తీస్తే ఆర్డిస్. వెనకాల కారు సామానుతో నిండి ఉంది.

"కాఫీ ఉందా? పాలు పోయకపోయినా ఫరవాలేదు."

వెల్డా ఉన్న ఒక్క కుర్చీనీ ఆమెకు వేసి, తను పనిముట్ల పెట్టెమీద కూర్చుంది. ఆర్డిస్ ఆ చిన్న బండిని అటూ ఇటూ చూసింది. బాగుందనీ అనలేదు, బాగాలేదనీ అనలేదు.

"బండి అమ్మేశాను. మిన్నెసోటా దంపతులు, కొత్తగా రిటైరయ్యారు. మా రాష్ట్రంలోనే బిస్మార్క్‌లో మా అక్క కూతురు ఒక గది ఇస్తానంటోంది. వచ్చే ఏడు రాను."

"మంచిదండీ."

"మంచిదేం కాదు. దానికి పిల్లులు ఏడు." ఆర్డిస్ నవ్వలేదు గానీ గొంతులో కొంచెం తేలిక వినిపించింది. "నేల కొత్తదని వాళ్ళకి చెప్పాను. ఎవరు వేశారంటే నీ పేరు చెప్పాను."

"థాంక్సండీ."

ఇద్దరూ కాఫీ తాగారు. బయట ఎవరిదో బండి మెల్లగా కంకరమీద కదిలి వెళ్ళింది.

"మే దాకా అక్కడ నేల గడ్డకట్టే ఉంటుంది," అంది ఆర్డిస్. "కరిగాక ఓర్విన్ దగ్గరికి వెళ్ళాలి. సమాధి మీద రాయి ఒరిగిందట. వెళ్తే ఈ సంగతి చెప్పాలి కదా."

"ఏమని చెప్తారు?"

"అదే తెలీడంలేదు. పదహారు వందల మైళ్ళు నడపాలి. దారిలో ఆలోచిస్తా." కప్పు కింద పెట్టి లేచింది. గుమ్మంలో ఆగి, వెల్డా భుజంమీద చెయ్యి వేసింది. ఒక్క క్షణం ఉంచి తీసేసింది. "నువ్వు సన్నబడ్డావు అమ్మాయ్. ఆ డబ్బా తిండి మానెయ్."

కారు శిబిరం గేటు దాటి, పెద్ద రోడ్డుమీద ఉత్తరానికి తిరిగింది. అది కనపడకుండా పోయేవరకు వెల్డా మెట్టుమీద నిలబడింది. తరవాత లోపలికెళ్ళి రెండు కప్పులూ కడిగి బోర్లించింది. పదకొండింటికి నది దగ్గర ఒకరికి స్లైడ్ లోపలికి పోవడంలేదని లైల్ కబురు పంపాడు. వాళ్ళు ఆ సాయంత్రంలోగా బయల్దేరాలట. ఆమె పెట్టె ట్రక్కులో వేసుకుని బయల్దేరింది. దారిపొడుగునా ఖాళీ అయిన బండి స్థలాలే, ఒక్కోదాని ముందు నంబరు రాసిన కర్ర మాత్రం మిగిలి ఉంది.